పొడి పక్కల పురపాలక సంఘం

మా పురపాలక సంఘంలో రోడ్లు సరిగా లేకపోవడం, కాలువలు పొంగడం, కుళాయిల్లో నీళ్లు రాకపోవడం లాంటి సమస్యలు ఉన్నమాట నిజమే. అవన్నీ పైపై సమస్యలనీ, ఊరి అసలు సమస్య పిల్లలు నిద్రలో పక్క తడపడమనీ మా కమిషనర్ గారు కనిపెట్టేదాకా మాలో ఎవరికీ తెలియదు. తెలియకపోబట్టే ఊరు ఇన్నేళ్లుగా ఇలా ఉండిపోయింది.

ఆయన దాన్ని ఒక కొండ మీద కనిపెట్టారు. అక్కడ ఒక చల్లటి హోటల్లో బాలల ప్రవర్తన మీద సదస్సు జరిగింది. వెళ్లాల్సిన వాళ్లకు పెళ్లిళ్లు అడ్డం రావడంతో మా కమిషనర్ త్రివిక్రమరావు గారిని పంపారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్లారు. వచ్చేటప్పుడు మాత్రం భుజాన సదస్సు వారి సంచి, కళ్లల్లో ఒక రకమైన వెలుగు, వెనకాల నిశాంత్ అనే కుర్ర కన్సల్టెంటుతో దిగారు.

నేను ఆ ఆఫీసులో జనన మరణాల సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. పేరు సోమసుందరం. మా దగ్గర ఏ కొత్త పని వచ్చినా, దాన్ని ఎలా చెయ్యాలన్నది తర్వాత సంగతి, ముందు అది ఏ సెక్షన్‌దో తేలాలి. తడి తమదే కానీ పక్క తమది కాదని శానిటరీ వాళ్లు రాసిచ్చారు. పైపు ఇంటి బయట ఉన్నంతవరకే తమ పరిధి అని ఇంజనీరింగ్ వాళ్లు తప్పుకున్నారు. పక్క తడపాలంటే ముందు పుట్టాలి కాబట్టి, పుట్టుక నా సెక్షన్లో ఉంది కాబట్టి, ఫైలు నా బల్ల మీద పడింది.

నాకు ఒక్కడే కొడుకు, చందు. మునిసిపల్ స్కూల్లో రెండో తరగతి. బుద్ధిమంతుడే. పెన్సిలు విరిగిన పిల్లలకు తన పెన్సిలు విరిచి సగం ఇస్తాడు. వాడికి ఒకటే అలవాటు, వారంలో ఎక్కువ రోజులు పక్క తడుపుతాడు. మా ఆవిడ హైమావతి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పొద్దున్నే లేచి, వాణ్ణి అటు జరిపి, బొంత తీసి ప్రహరీ గోడ మీద ఆరేసి, "ఎండ బాగా కాస్తోందివాళ" అంటుంది. అంతకు మించి ఆ విషయం మీద మా ఇంట్లో చర్చ ఉండేది కాదు. పిల్లల డాక్టరమ్మ కూడా, "పెరిగేకొద్దీ అదే పోతుంది, తిట్టకండి, కొట్టకండి" అంది. మా అమ్మయితే, "వీళ్ల నాన్న తొమ్మిదో ఏడు దాకా నా బొంతలన్నీ నాశనం చేశాడు" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. అలా చెప్పొద్దని నేను బతిమాలుకునేవాణ్ణి.

మొదటి సమావేశంలో నిశాంత్ గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఒక మంచం, దాని మీద నీలం మరక. మరక నుంచి ఒక బాణం, దాని చివర 'ప్రవర్తన' అనే మాట. అక్కడి నుంచి ఇంకో బాణం, దాని చివర తలలు దించుకున్న ఒక తల్లీ తండ్రీ.

"పక్క తడపడానికీ పిల్లల ప్రవర్తనకీ సంబంధం ఉందని కొన్ని పరిశీలనల్లో తేలింది సార్. ప్రవర్తన పెంపకం నుంచి వస్తుంది. కనక..." అని ఆగాడు.

"కనక?" అన్నారు కమిషనర్ గారు, జవాబు ముందే తెలిసిన మనిషి మొహంతో.

"కనక తడి పక్క అంటే తడి పెంపకం సార్."

శానిటరీ ఇన్‌స్పెక్టరుకి ఊరికే ఉండే అలవాటు లేదు. "సార్, పిల్లాడు నిద్రలో కదా పోసేది. ప్రవర్తన అంటే మెలకువలో ఉండేది కదండీ. మరి నిద్రపోయేవాడికి ప్రవర్తన ఎక్కణ్ణించి వస్తదండీ?" అన్నాడు.

కమిషనర్ గారు ఆయన్ని చాలాసేపు జాలిగా చూశారు. "మీరు సమస్యను మంచం స్థాయిలో చూస్తున్నారు. విధాన స్థాయిలో చూడాలి. తడి పక్క అనేది కేవలం తడి పక్క కాదు. అది తల్లిదండ్రుల మీద పిల్లలు ఇచ్చే నివేదిక. దాన్ని మనం ఇన్నాళ్లూ ఎండబెట్టి మడతపెట్టేస్తున్నాం!"

ఆ చివరి వాక్యానికి అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. నా చేతులకు ఆ అలవాటు ఉంది.

ఆ విధంగా శుష్క శయ్యా ఉద్యమం మొదలైంది. మూత్రం అనే మాట సర్క్యులర్లో ఉండటం మర్యాద కాదన్నారు. అందుకని "పట్టణ పరిధిలోని సమస్త బాలబాలికల శయ్యలను యుద్ధప్రాతిపదికన పొడిబారజేయు నిమిత్తము తగు చర్యలు గైకొనవలసినదిగా" అని నేనే రాశాను. బాగా వచ్చిందని కమిషనర్ గారు మెచ్చుకున్నారు.

ఏ ఇంట్లో పక్క తడిసిందో తెలుసుకోవడానికి పెద్ద కష్టపడనక్కర్లేకపోయింది. మా ఊళ్లో పొద్దున్నే గోడ మీద బొంత కనబడిందంటే ఆ ఇంట్లో ఏం జరిగిందో వీధి మొత్తానికి తెలుసు. తెలిసినా ఎవరూ అడగరు, అదొక మర్యాద. ఇప్పుడు ఆ మర్యాద మీదనే ఉద్యమం నిలబడింది. చెత్తబండితో వీధుల్లోకి వెళ్లే మా వర్కర్లు చెత్త సంగతి పక్కన పెట్టి గోడల వంక చూడటం మొదలుపెట్టారు. తడి బొంత కనబడ్డ ఇంటి తలుపు మీద పచ్చ స్టిక్కరు అంటించేవారు. దాని మీద 'ఈ ఇంట పెంపకము మెరుగుపడవలసి ఉన్నది' అని ఉండేది. ఆ వాక్యం కూడా నాదే. మా తలుపు మీద దాన్ని మొదటి రోజే అంటించారు.

"బావుందండీ. మీ రాత మన గుమ్మం మీదే చదువుకోవచ్చు" అంది హైమావతి.

మర్నాటి నుంచి ఊళ్లో బొంతలు ఆరేయడం మానేశారు. కొందరు ఇంట్లోనే ఫ్యాను కింద ఆరేసుకుని వాసనలో కాపురం చేశారు. కొందరు బొంతను మూటగట్టి బస్సులో పక్క ఊరి చుట్టాలింటికి పంపి, అక్కడ ఆరాక తెప్పించుకున్నారు. బజారు వీధిలో ఒంటరిగా ఉండే ఒక ముసలాయన, చెమట పట్టిన దుప్పటి ఉతికి ఆరేసుకుంటే ఆయన తలుపుకీ స్టిక్కరు పడింది. ఆయన కర్ర పట్టుకుని ఆఫీసుకొచ్చి, "నా పెంపకం ఎవరు మెరుగుపరుస్తార్రా ఇప్పుడు?" అని అరిచాడు. నిబంధన ప్రకారం బాధ్యత తల్లిదండ్రులదే. వారు కాలం చేసినందున స్టిక్కరును తలుపు మీద నుంచి తీసి, ఇంట్లో ఉన్న వారి ఫొటో మీద అంటించడమైనదని ఫైలు మూసేశాం.

ఆ తర్వాత వాన పడింది. వీధిలో ఆరేసిన బట్టలన్నీ తడిసి, ఊరు ఊరంతా తడి పెంపకం కిందికి వచ్చేసింది. వాన సంగతి పై అధికారుల దృష్టికి తీసుకువెళ్లామని కమిషనర్ గారు పత్రికల వాళ్లకు చెప్పారు. సాయంత్రమైతే పిల్లలు నీళ్లు తాగకుండా కుళాయిలు కట్టేయాలని కూడా ఉత్తర్వు వేశారు. అది మాత్రం ఏ గొడవా లేకుండా అమలయింది. ఎందుకంటే వాటిలో నీళ్లు ఎప్పుడూ రావు.

తడి పెంపకం వాళ్లను గుర్తించాక వాళ్లను మార్చాలి కదా. దానికి పొడి పెంపకం వాళ్లు కావాలి. ఆ వెదుకులాటలో దొరికిన ఆణిముత్యం కోటిలింగం గారు.

కోటిలింగం గారు హైస్కూల్లో డ్రిల్లు మేష్టారు. ఆయన వీధిలోకి వస్తే కుక్కలు కూడా వరసలో నడుస్తాయని పిల్లలు చెప్పుకుంటారు. భార్య అనసూయమ్మ. ఒక్కతే కూతురు హారిక, మా చందు ఈడుదే. ఆ ఇంటి గోడ మీద ఏనాడూ బొంత కనబడలేదు. నిశాంత్ స్వయంగా వెళ్లి చూసి, ఆ ఇంట్లో చెప్పులు కూడా అటెన్షన్లో ఉన్నాయని మురిసిపోయాడు. కమిషనర్ గారు ఆయనకు 'పట్టణ ఆదర్శ జనకుడు' అని పేరు పెట్టి, తడి తల్లిదండ్రులకు ఆదివారాలు టౌన్ హాల్లో ఆయన చేత క్లాసులు పెట్టించారు.

మేం కూడా వెళ్లాం. కోటిలింగం గారు బల్లని బెత్తంతో ఒక దెబ్బ వేసి మొదలుపెట్టారు.

"నేను గేటు గడియ తీసిన చప్పుడు వినబడితే చాలు, మా ఇంట్లో ఎక్కడి వాళ్లక్కడ లేచి నిలబడాల్సిందే. అదీ ఇల్లంటే! మా పిల్ల పుట్టిందగ్గర్నుంచీ ఇప్పటిదాకా పక్క తడిపిన పాపాన పోలేదు."

"పుట్టిందగ్గర్నుంచీనా మేష్టారూ?" అంది వెనక వరసలోంచి హైమావతి.

"తడపలేదంటే తడపలేదు!"

"శైశవ దశ నుంచే పొడి" అని నిశాంత్ చాలా శ్రద్ధగా రాసుకున్నాడు.

"మరి భయపెడితే తగ్గిపోద్దంటారా అండీ?" అంది మళ్లీ హైమావతి.

"భయం కాదమ్మా, క్రమశిక్షణ."

"అదేనండీ. పిల్లాడు నిద్రలో ఉన్నప్పుడు ఆ క్రమశిక్షణ ఎవరు పాటించాల?"

హాల్లో ఎక్కడో ఒకళ్లు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసలన్నీ పాకింది. కోటిలింగం గారు మళ్లీ బల్ల మీద బెత్తంతో కొట్టారు. ఆ చప్పుడుకి వేదిక పక్కన కుర్చీలో కూర్చున్న అనసూయమ్మ గారు ఉలిక్కిపడి లేచి నిలబడింది. అంతదాకా ఆవిడ కునికిపాట్లు పడుతోందని నేను అప్పుడే గమనించాను. ఎదురు ప్రశ్నలు వేయడం తడి పెంపకానికి ముఖ్య లక్షణమని కమిషనర్ గారు అప్పటికప్పుడు ఒక సూత్రం చేశారు.

క్లాసుల వల్ల ఒక్క పక్కా ఆరలేదు. ఇంకొకరైతే ఇక్కడ ఆగేవారు. మా కమిషనర్ గారు ఆగే మనిషి కాదు. ఒక రోజు నన్ను పిలిపించారు. పక్కన నిశాంత్ ఉన్నాడు.

"సోమసుందరం గారూ, కారణం తల్లిదండ్రులు. అవునా?"

"చిత్తం."

"కారణాన్ని అలాగే ఉంచి ఫలితం మారాలంటే మారుతుందా?"

"మారదండీ."

"అయితే తల్లిదండ్రుల్ని మార్చేద్దాం. తడి ఇంటి పిల్లవాణ్ణి ఒక వారం పొడి ఇంట్లో ఉంచుదాం. పొడి ఇంటి పిల్లని తడి ఇంట్లో ఉంచుదాం. శాస్త్రీయంగా తేలిపోతుంది. ఆదర్శ గృహమార్పిడి అని డ్రాఫ్టు పెట్టండి."

పెట్టాను. ఒప్పుకోని తల్లిదండ్రుల పిల్లలు మునిసిపల్ స్కూల్లో పై తరగతిలో చేర్చుకోబడరనీ, మారిన ఇంట్లో పక్క పొడిగా ఉంటే సదరు బాలుడు ఆ ఇంట్లోనే ఏడాది పొడుగునా ఉండవలెననీ రాశాను. కామా చుక్కా సరిచూసుకుని, శుభ్రమైన కాపీ తీసి సంతకానికి పెట్టాను. కమిషనర్ గారు సంతకం చేసి, పేర్ల కోసం వదిలిన ఖాళీలో మా చందు పేరు రాశారు.

"మన ఆఫీసు నుంచే మొదలైతే ఊరికి ఆదర్శంగా ఉంటుంది కదండీ" అన్నారు, నన్ను గౌరవిస్తున్నట్టు.

ఇంటికెళ్లి ఆ కాగితం హైమావతికి చూపించాను. ఆవిడ మిషను ఆపి చదివింది.

"ఇది రాసింది మీరేనా?"

"డ్రాఫ్టే నాది. సంతకం వారిది."

"మన పిల్లాణ్ణి ఇంకోళ్లింట్లో పెట్టటానికి అక్షరం పొల్లు పోకుండా రాశారు. మీ చెయ్యి ఒక్కసారైనా ఆగలేదా రాసేటప్పుడు?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.  ఆవిడ ఆ సాయంత్రమంతా మిషను తొక్కుతూనే ఉంది. చివరికి, "బడి పోతదని పంపిస్తన్నా. వారమే. ఆ పైన ఒక్క పూట కూడా ఆగను, మీ కమిషనర్ కాదు కదా ఎవరొచ్చినా సరే" అంది. చందు బట్టలు సర్దుతూ వాడికి తెలియకుండా కళ్లు తుడుచుకుంది. నాకు తెలిసేలాగే తుడుచుకుంది.

చందు వెళ్లాడు, హారిక వచ్చింది. చిన్న సంచీ గుండెకు హత్తుకుని గుమ్మం దగ్గరే నిలబడి, "లోపలికి రావచ్చాండీ?" అంది. వచ్చాక "కూర్చోవచ్చాండీ?" అంది. అన్నం కలిపి పెడితే "తినొచ్చాండీ?" అంది. హైమావతి దగ్గర కూర్చుని ముద్దలు పెట్టి, కుట్టగా మిగిలిన గుడ్డముక్కలతో ఒక బొమ్మ చేసిచ్చి, తల దువ్వి, పక్కన పడుకోబెట్టుకుంది. ఆ పిల్ల గోడ వైపు తిరిగి, చాలాసేపు బిగుసుకుని పడుకుని, చివరికి నిద్రపోయింది. అలా ఇలా కాదు, నోరు తెరుచుకుని, కాళ్లూ చేతులూ బారజాపి, మొత్తం మంచం ఆక్రమించుకుని పోయింది.

పొద్దున నేను లేచేసరికి ఆ పిల్ల గది మూల నిలబడి ఉంది. రెండు అరచేతులూ ముందుకు చాపి పట్టుకుంది. గౌను తడిసి ఉంది. పక్క తడిసి ఉంది. ఆ చేతులు ఎందుకు చాపిందో నాకు వెంటనే అర్థం కాలేదు. బెత్తం దెబ్బల కోసమని అర్థమయ్యాక గుమ్మంలోకి జరిగి నిలబడ్డాను.

హైమావతి ఆ చేతులు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "ఓస్, ఇంతేనా! మా చందుగాడు దీనికి రెండింతలు పోస్తాడు. పద, నీళ్లు పోస్తా."

"మా ఇంట్లో ఎప్పుడూ పొయ్యలేదండీ. నిజంగా అండీ."

"నాకు తెల్సు తల్లీ."

"అక్కడ నేను నిద్రపోనండీ. నాన్న లేస్తాడేమోనని చూస్తా ఉంటా. ఇక్కడ నిద్రొచ్చేసిందండీ."

హైమావతి నా వంక చూసింది. తడిసిన బొంత తీసి నా చేతిలో పెట్టింది. 

నిశాంత్ రెండిళ్లకీ వెళ్లి పక్కలు తడిమి చూసొచ్చాక, ఆ రోజు మధ్యాహ్నానికి మా ఆఫీసులో పండగ వాతావరణం. పొడి ఇంటి పిల్ల తడి ఇంట్లో అడుగుపెట్టగానే తడిపింది. తడి ఇంటి పిల్లవాడు పొడి ఇంట్లో చుక్క రాల్చలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నిశాంత్ ఆనందం పట్టలేక కమిషనర్ గారిని కావలించుకోబోయి, హోదా గుర్తొచ్చి చెయ్యి మాత్రం కలిపాడు. సిద్ధాంతం ఇంత బాగా రుజువు కావడం ఆ కొండ మీద సదస్సులో కూడా ఎవరూ చూసి ఉండరు.

నేను సాయంత్రం పూట కోటిలింగం గారి వీధి మీదుగా ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. ఒక రోజు అనసూయమ్మ గారు గేటు దగ్గర కనబడింది. మేష్టారు గ్రౌండులో ఉన్నారు. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"పిల్లాడు పడుకోవట్లేదన్నయ్యగారూ. మోకాళ్లు కావిలించుకుని తెల్లార్లూ కూర్చునే ఉంటన్నాడు. పడుకోరా నాన్నా అంటే, పడుకుంటే వచ్చేస్తదండీ అంటన్నాడు."

"మీరెలా చూశారమ్మా?"

"నేను మాత్రం ఎక్కడ నిద్రపోతన్నా?" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ధైర్యం చేసి కమిషనర్ గారి గదిలోకి వెళ్లాను. "సార్, మా వాడు పొడిగా ఉంటున్నది నిద్రపోకపోవడం వల్లనండీ. తెల్లవార్లూ కూర్చుంటున్నాడట" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టారు. "సోమసుందరం గారూ, బాలుడు పడుకున్నాడా కూర్చున్నాడా అనేది మన పరిధిలోకి రాదు. మన సూచిక పక్క. పక్క పొడిగా ఉన్నదా లేదా?"

"ఉందండీ."

"మరి? మీరు తండ్రి దృష్టితో మాట్లాడుతున్నారు. కాస్త జనన మరణాల సెక్షన్ దృష్టితో ఆలోచించండి."

వారం ముగిసే రోజున శుష్క శయ్యా దినోత్సవం జరిపారు. టౌన్ హాల్ నిండిపోయింది. వేదిక మీద పూలతో అలంకరించిన మంచం, తెల్లటి దుప్పటి, దాని వెనక కుర్చీల్లో పెద్దలు. కోటిలింగం గారికి శాలువా కప్పారు. సభకు తేడా తెలియాలని ఆదర్శ జనకుణ్ణి కుడివైపు, తడి తల్లి అయిన హైమావతిని ఎడమవైపు కూర్చోబెట్టారు. హారిక కింద మొదటి వరసలో నా పక్కన కూర్చుని ఆ గుడ్డబొమ్మను గట్టిగా పట్టుకుంది. నా చేతిలో సభా విశేషాలు రాయడానికి కాగితాలున్నాయి.

తర్వాత మా చందుని తీసుకొచ్చి మధ్యలో నిలబెట్టారు. వాడి కళ్లు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఊగుతున్నాడు. నేను వాణ్ణి వారం తర్వాత చూడటం అదే. 

"ఈ బాలుణ్ణి చూడండి!" అన్నారు కమిషనర్ గారు మైకులో. "వారం కిందట ఇతను ఒక తడి బాలుడు. ఈనాడు చూడండి. ఎంత జాగృతంగా ఉన్నాడో! ఈతని భవిష్యత్తు దృష్ట్యా ఈ విద్యా సంవత్సరమంతా ఆదర్శ జనకుని గృహంలోనే ఉంచుటకు ఈ సభాముఖంగా..."

చందు అటూ ఇటూ చూశాడు. వాళ్లమ్మ కనబడింది. ఎవరినీ అడక్కుండా వెళ్లి ఆవిడ ఒళ్లోకి ఎక్కి, భుజం మీద తల పెట్టాడు. "రావాలి, బాలుడు మధ్యకు రావాలి" అని నిశాంత్ సైగలు చేస్తూనే ఉన్నాడు. కమిషనర్ గారి వాక్యం ఇంకా క్రియాపదం దాకా చేరనే లేదు, వాడు నిద్రపోయాడు. కాళ్లు వేలాడిపోయాయి. నోరు తెరుచుకుంది. కాసేపటికి హైమావతి చీర మీంచి, కుర్చీ మీంచి, వేదిక మీద పరిచిన ఎర్ర తివాచీ మీదికి ధారగా కారింది. మైకు దగ్గర్లోనే ఉంది కాబట్టి ఆ చప్పుడు వెనక వరసల వాళ్లకు కూడా వినబడింది.

 హైమావతి కదల్లేదు. వాడి వీపు నిమురుతూ, "హమ్మయ్య, పడుకున్నాడు నా తండ్రి" అంది. అది కూడా మైకులో వినబడింది. కింద కూర్చున్న తల్లుల్లో ఎవరో వెక్కి ఏడ్చారు.

నిశాంత్ తేరుకున్నాడు. "సార్! అద్భుతం! వారం రోజుల పొడి కాస్తా తల్లి ఒడి తగలగానే పోయింది. అంటే అసలు కారణం ఒడి!"

కమిషనర్ గారి కళ్లలోకి కొండ మీది వెలుగు తిరిగొచ్చింది. "ఒడి విషయమై ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు అవసరం. సోమసుందరం గారూ, నోట్ చేసుకోండి. బాలుణ్ణి నిద్రలేపి తక్షణం కోటిలింగం గారికి అప్పగించండి."

నేను వేదిక ఎక్కాను. ఇన్నేళ్ల సర్వీసులో పై అధికారి మాటకు చిత్తం అని తప్ప ఇంకో జవాబు నా నోట రాలేదు. అప్పుడు కూడా నోరు తెరిచేదాకా అదే వస్తుందనుకున్నాను.

"నిద్రపోతున్నాడండీ. లేపను" అన్నాను.

"ఏమన్నారు?"

"పిల్లాడు పడుకున్నాడండీ. నేను లేపను. ఎవర్నీ లేపనివ్వను."

 చందుని వాళ్లమ్మ ఒళ్లోంచి తీసి భుజాన వేసుకున్నాను. నా చొక్కా కూడా తడిసింది. వేదిక దిగుతుంటే హారిక వచ్చి హైమావతి కొంగు పట్టుకుంది. "హారికా!" అని వెనక నుంచి కోటిలింగం గారు ఒక్క కేక పెట్టారు. హాల్లో సగం మంది లేచి నిలబడ్డారు. ఆ పిల్ల మాత్రం ఆగలేదు. కొంగు వదల్లేదు. తల్లులు కుర్చీలు జరిపి మాకు దారి ఇచ్చారు. ఆ దారి మా వెనకే మూసుకుపోవడంతో మేష్టారు లోపలే ఉండిపోయారు.

ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. పిల్లలిద్దర్నీ ఒకే బొంత మీద పడుకోబెట్టాం. చందు ఒళ్లు తుడిచి బట్టలు మార్చినా లేవలేదు. నా ఉద్యోగం ఏమవుతుందో, వాడి బడి ఏమవుతుందో నాకు తెలియదు. ఇద్దరి ఊపిరీ వింటూ మంచం పట్టె మీద కూర్చున్నాను. హైమావతి కాఫీ తెచ్చి నా చేతికిచ్చి, వారం తర్వాత మొదటిసారి నా పక్కన కూర్చుంది.

పొద్దువాలే వేళ తలుపు కొట్టిన చప్పుడైంది. కోటిలింగం గారే అనుకుని నేను లేచాను.  పిల్లను లేపననే అదే మాట మళ్లీ చెప్పాలని మనసులో కూడబలుక్కుంటూ గడియ తీశాను.

అనసూయమ్మ గారు. ఒక్కతే. చంకలో చుట్టిన చాప.

పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిందనుకుని హైమావతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇప్పుడే కదండీ పడుకుంది. కాసేపుండనీండి దాన్ని."

"దాన్ని లేపటానికి రాలేదు వదినా" అందావిడ. చాప ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. "పెళ్లయిన కాణ్ణించీ కంటినిండా నిద్ర లేదు నాకు. ఈ పూట మీ ఇంట్లో పడుకోనిస్తారా?"

హైమావతి గుమ్మం నుంచి పక్కకు జరిగింది. ఆవిడ చంకలోని చాప తీసుకుని పిల్లల పక్కన పరిచి, తలగడ వేసింది.